నక్షత్రాల లెక్క చేసే పిల్లలకు ఒక ఏడాది స్టైపెండ్ ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను అడగబోయేది ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో బీఎస్సీగానీ ఎంఎస్సీగానీ పూర్తిచేసిన పిల్లల్లో ఏటా 10 మందికి, ఖగోళశాస్త్రంలో ఒక ఏడాదిపాటు పరిశోధన చేసుకోవడానికి నెలకు 25 వేల రూపాయల ఫెలోషిప్ ఇప్పించండి. టెలిస్కోపు అడగడం లేదు. భవనం అడగడం లేదు. శంకుస్థాపన చేయడానికి ఏమీ లేకపోవడమే నీ ప్రతిపాదనకు పెద్ద లోపం అని ఒక మిత్రుడు అన్నాడు. దానికి నేను చేయగలిగింది లేదు.

శ్రీకాకుళంలో చాలాకాలంగా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే పిల్లలు ఎటు వెళ్తారో మాకందరికీ తెలిసిన దారే. కొందరు బీఈడీకి. కొందరు విశాఖపట్నంలో నలుగురైదుగురు కలిసి గది తీసుకుని డీఎస్సీకో గ్రూప్స్‌కో రైల్వేకో కోచింగ్. ఎంపీసీ వాళ్లలో కెమిస్ట్రీ మీద కాస్త పట్టున్నవాళ్లు తెల్లారకముందే రోడ్డు మీద నిలబడి పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలకు వెళ్లే కంపెనీ బస్సు ఎక్కుతారు. వీటిలో ఏదీ తక్కువ పని కాదు. ఆ బస్సు మీద ఆధారపడి నడుస్తున్న ఇళ్లు మా కాలేజీ చుట్టూనే ఎన్నో ఉన్నాయి.

కాకపోతే ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరో ముగ్గురో వేరే రకం పిల్లలు ఉంటారు. క్లాసు అయిపోయాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర తచ్చాడుతారు. "సార్, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని పుస్తకంలో ఉంది. అంత చిన్న కొలత అంత దూరం నుంచి ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు?" అని అడుగుతారు. అపోలో వ్యోమగాములు అక్కడ పెట్టివచ్చిన అద్దాల మీద లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి లెక్కకడతారని చెబితే ఇంటికి వెళ్లిపోరు. ఆ సమయంలో ఎంత పొరపాటుకు అవకాశం ఉంటుందో అడుగుతారు. పొరపాటు ఎంత ఉండొచ్చో అడిగే పిల్ల పరిశోధనకు పనికొస్తుందని నా నమ్మకం. మార్కుల మెమోలో ఇది కనబడదు.

అలాంటి ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు వద్దు, ఊరు పలాస దగ్గర అంటే చాలు. వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఎంఎస్సీలో ఉండగా ఈ అమ్మాయికి పుణెలో రెండు నెలల వేసవి ప్రాజెక్టు దొరికింది. స్టైపెండ్ చివర్లో ఇస్తారు, ముందు చేతి డబ్బు పెట్టుకోవాలి. ఊళ్లో వడ్డీకి తెచ్చి ఆమదాలవలసలో కోణార్క్ ఎక్కించారు. అక్కడికి వెళ్లాకే పైథాన్ అనే కంప్యూటర్ భాషను మొదటిసారి ముట్టుకుంది. రెండు నెలలు పూర్తయ్యేసరికి ఒక పల్సర్ (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం) సంకేతాన్ని రేడియో డేటాలోంచి తనంతట తాను బయటికి తీయగలిగింది. అక్కడి గైడు మంచి మనిషి. "ఇంకో ఏడాది దీని మీదే కూర్చుంటే పేపరు అవుతుంది, ఈలోగా ప్రవేశ పరీక్షలకూ తయారుకావచ్చు" అన్నారు. ఆ ఏడాది ఎవరు పోషించాలి? ఎంఎస్సీ అయిపోయింది కాబట్టి ఆమె విద్యార్థిని కాదు. పీహెచ్‌డీ సీటు ఇంకా రాలేదు కాబట్టి పరిశోధకురాలూ కాదు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఏడు నుంచి పది తరగతులకు ఫిజిక్స్ చెబుతోంది. ఆ పేపరు తర్వాత వచ్చింది, ఆమె పేరు లేకుండా. అందులో ఎవరినీ తప్పుపట్టలేం, మిగిలిన పని వేరేవాళ్లు చేశారు.

డిగ్రీ చేతికొచ్చిన రోజుకూ పీహెచ్‌డీలో చేరిన రోజుకూ మధ్య ఉండే ఈ ఖాళీ గురించే నా లేఖంతా.

మన దేశంలో ఫెలోషిప్పులు లేవా అంటే ఉన్నాయి. పీహెచ్‌డీలో చేరాక జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, సీనియర్ ఫెలో అయ్యాక 42 వేలు. బతకడానికి సరిపోతుంది. చేరడానికి సీఎస్ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ లాంటి పరీక్షలున్నాయి. జెస్ట్ రాస్తే పుణెలోని అయూకా, ఎన్‌సీఆర్ఏ, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ ఇన్‌స్టిట్యూట్, నైనిటాల్‌లోని ఏరీస్ లాంటి పరిశోధన సంస్థల్లో ఇంటర్వ్యూకి పిలుపు వస్తుంది. ఇక చదువుకుంటున్నవాళ్లకైతే మూడు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్పులు, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్), అయూకా, రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వేసవి కార్యక్రమాలు ఉన్నాయి. ఇవన్నీ మంచివే. మన పిల్లల దాకా రావు, అదే బాధ.

ఎందుకు రావో చెబుతాను. వేసవి ప్రాజెక్టుకు దరఖాస్తు చేయాలంటే సిఫార్సు లేఖ కావాలి. ఈ కుర్రాడు పరిశోధన చేయగలడు అని రాయాలంటే, రాసే మాస్టారు కనీసం ఒకసారి వాడితో పరిశోధన లాంటిది చేయించి ఉండాలి. మా కాలేజీల్లో అది ఎక్కడ కుదురుతుంది? చెప్పాల్సిన పేపర్లు చెప్పి, రికార్డులు దిద్ది, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ల ఫైళ్లు కట్టేసరికి సాయంత్రం అవుతుంది. అందుకని అందరికీ ఒకే లేఖ, పేరు మార్చి ఇస్తాం. చదివేవాళ్లకు అది తెలిసిపోతుంది. ఇక పరీక్షల సంగతి. నెట్ పేపరు ఇంగ్లిష్, హిందీల్లో ఉంటుంది, జెస్ట్ ఇంగ్లిష్‌లోనే. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాడు ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికే పక్కవాడికంటే ఎక్కువ సమయం తీసుకుంటాడు. రెండో ప్రయత్నంలో పాసయ్యేవాళ్లు మావాళ్లలో చాలామందే ఉంటారు. ఆ రెండో ప్రయత్నం దాకా ఇంట్లో కూర్చోబెట్టి తిండిపెట్టే స్తోమత అందరికీ ఉండదు కదా.

"సరే, ఫెలోషిప్ అంటే అన్ని సబ్జెక్టులకూ అడగాలి, ఖగోళశాస్త్రానికే ఎందుకు?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. నా జవాబు ఇది. కెమిస్ట్రీలో పరిశోధన మొదలుపెట్టాలంటే అణువుల నిర్మాణం చూపించే ఎన్ఎంఆర్ యంత్రం కావాలి, అది కోట్లలో మాట. బయాలజీకి ల్యాబు, రసాయనాలు, చల్లటి గది, కరెంటు పోకుండా జనరేటర్ కావాలి. ఖగోళశాస్త్రంలో మాత్రం వేల కోట్లు పెట్టి కట్టిన పరికరం ఇచ్చే డేటా ఎవరడిగినా ఉచితంగా దొరుకుతుంది. హార్వర్డ్‌లో డౌన్‌లోడ్ అయ్యే ఫైలూ ఎచ్చెర్లలో డౌన్‌లోడ్ అయ్యే ఫైలూ ఒకటే. మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న ఎగిరింది, దాని డేటా నమోదు చేసుకున్నవాళ్లందరికీ ఇస్రో ఇస్తోంది. 2023 సెప్టెంబరు 2న బయల్దేరి 2024 జనవరి 6న తన కక్ష్యకు చేరిన, సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య ఎల్1 డేటా కూడా అంతే. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసంతో 30 డిష్షులున్న రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ పాత పరిశీలనలు ఆర్కైవులో ఉన్నాయి. ఈ డేటాతోనే, బీఎస్సీ పిల్లల్ని కూడా కలుపుకుని రేడియో గెలాక్సీలు వెతికించే రాడ్‌ఎట్‌హోమ్ అనే బృందం 2013 నుంచి మన దేశంలోనే నడుస్తోంది. పరికరాల దగ్గర మనం వెనకబడి లేని సైన్సు ఇదొక్కటే అని నా లెక్క. లేనివి రెండే: కూర్చుని పని చేసుకోవడానికి ఒక ఏడాది, చిక్కు వచ్చినప్పుడు అడగడానికి ఒక మనిషి.

ఉత్త మాటలుగా కాకుండా ఒక ఉదాహరణ చూపిస్తాను. మా ల్యాబులో పాత కంప్యూటర్ల మీద, ఆసక్తి ఉన్న పిల్లలతో ఒక సాయంత్రం కృత్తికల దూరం కట్టించాను. మా వైపు ముసలివాళ్లు పిల్లలకోడి అంటారే, ఆ చుక్కల గుంపు. యూరప్ వాళ్ల గైయా ఉపగ్రహం 2013 డిసెంబరులో ఎగిరి సుమారు 180 కోట్ల నక్షత్రాలను కొలిచింది. ఆ జాబితా నుంచి కృత్తికలున్న దిక్కున రెండు డిగ్రీల మేర చుక్కలన్నీ దించుకున్నాం. వేల సంఖ్యలో వచ్చాయి. అందులో గుంపుకు చెందినవి కొన్నే, మిగతావి దారినపోయేవి. వేరుచేయడం ఎలా? ప్రతి చుక్కా ఏడాదికి ఆకాశంలో ఎంత జరుగుతుందో కూడా గైయా కొలిచింది. తూర్పు పడమరల కదలిక ఒక అక్షం మీద, ఉత్తర దక్షిణాల కదలిక ఇంకో అక్షం మీద పెట్టి టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీయించాం. సున్నా చుట్టూ ఒక పెద్ద మచ్చ వచ్చింది. దానికి దూరంగా, తూర్పుకు 20, దక్షిణానికి 45 మిల్లీ ఆర్క్‌సెకండ్ల దగ్గర, ఇంకో చిన్న ముద్ద విడిగా కూర్చుని ఉంది. (మిల్లీ ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 36 లక్షల వంతు.) ఒకటే వేగంతో ఒకటే దిక్కుకు కలిసి నడుస్తున్న చుక్కలు అవి. ఏ బొమ్మలోనూ ఎవరూ గుండ్రం చుట్టి చూపించకుండానే పిల్లలు దాన్ని పట్టుకున్నారు.

ఆ ముద్దలోని చుక్కల పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల చుక్క కాస్త జరిగినట్టు కనబడే కోణం) విలువలు చూస్తే 7.4 మిల్లీ ఆర్క్‌సెకండ్ల చుట్టూ పోగుపడ్డాయి. 1000ని దాంతో భాగిస్తే 135 పార్సెక్కులు, సుమారు 440 కాంతి సంవత్సరాలు. ఇక్కడ ఆపేస్తే అది ప్రాక్టికల్ క్లాసు. ఇంకొంచెం ముందుకు వెళ్తే పరిశోధన. ఎందుకంటే 1990లలో హిప్పార్కస్ అనే ఉపగ్రహం ఇదే గుంపు దూరం 120 పార్సెక్కుల దగ్గర తేల్చింది. మిగతా పద్ధతులన్నీ 130 దాటి చెబుతుంటే ఇదొక్కటే తక్కువ చెప్పింది. నక్షత్రాల భౌతికశాస్త్రమే తప్పా, ఉపగ్రహం కొలతే తప్పా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2014లో రేడియో టెలిస్కోపుల కొలత 136 పార్సెక్కులు ఇచ్చింది, తర్వాత గైయా కూడా అటే నిలబడింది. పెద్ద పెద్ద వాళ్లు కొట్టుకున్న ఆ తగవులో ఏ పక్షం నెగ్గిందో మా పిల్లలు తమ చేత్తో లెక్కకట్టి చూశారు. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కుయ్ కుయ్ మంటుంటే ఫైలు సేవ్ చేయమని ఒకళ్లమీద ఒకళ్లు అరుచుకున్నారు కూడా.

ఇలాంటి పని రోజూ చేస్తే ఏడాదిలో ఒక మనిషి ఎక్కడిదాకా వెళ్లగలడో ఊహించండి.

స్థానికంగా కూడా లెక్కలున్నాయి. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం దాటి స్వామివారి పాదాలను తాకుతాయి. టీవీలవాళ్లు వస్తారు, మబ్బు పడితే భక్తులు నిరాశగా తిరిగి వెళ్తారు. ఆ రెండు తేదీలూ డిసెంబరు 21కి ఇటూ అటూ దాదాపు సమాన దూరంలో ఉంటాయన్నది ఎవరైనా క్యాలెండరు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. అంటే ఆ రెండుసార్లూ సూర్యుడు ఆకాశంలో భూమధ్యరేఖకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉండి, అటూ ఇటూగా ఒకే చోట ఉదయిస్తాడు. ఇది పైకి కనబడే సంగతే. దీని కింద పని చాలా ఉంది. గర్భగుడి నుంచి మండపం గుండా సరళరేఖ ఏ దిక్కుకు పోతుందో కోణాలు కొలిచే థియోడొలైట్‌తో కొలవాలి. దిగంతం దగ్గర గాలి కిరణాన్ని ఎంత వంచుతుందో లెక్కలో కలపాలి. భూమి అక్షం వంపు శతాబ్దానికి సుమారు 47 ఆర్క్‌సెకండ్లు తగ్గుతోంది, ఇన్ని శతాబ్దాల్లో అది ఈ తేదీలను ఏమైనా కదిలించిందా చూడాలి. నా అంచనా ప్రకారం పెద్దగా కదిలించి ఉండదు. అంచనా చాలదు, కొలిచి రాయాలి. దేవస్థానం అనుమతి తీసుకుని ఎవరైనా ఫెలో కూర్చుంటే నాలుగు నెలల్లో తేలే పని. ఇంతవరకూ మనం దీన్ని వార్తగానే చూస్తున్నాం.

చరిత్ర మాట కొస్తే, ఉత్తరాంధ్రకు ఇది కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖపట్నంలో సొంత డబ్బుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా పోవడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలో అయ్యారు. అప్పట్లో జమీందారీ డబ్బు ఉంటేనే సాధ్యమైన పని అది. ఈ రోజు నెలకు 25 వేలతో సాధ్యమవుతుందంటున్నాను.

ఇక ఇది ఎలా నడవాలో నాకు తోచినట్టు చెబుతాను, మార్పులు మీరు చేయండి.

ముందు డబ్బు. 10 మందికి ఏడాదికి స్టైపెండ్ 30 లక్షలు. తలా 60 వేలలో ల్యాప్‌టాప్ అయితే 6 లక్షలు, ఏడాది అయ్యాక అవి తర్వాతి బ్యాచ్‌కి వెళ్తాయి. పుణెకో బెంగళూరుకో రెండుసార్లు వెళ్లి రావడానికి తలా 40 వేలు, అంటే 4 లక్షలు. మొత్తం 40 లక్షలు. గురుత్వ తరంగాలను పట్టే లైగో ఇండియాకు కేంద్రం 2,600 కోట్లు ఒప్పుకుంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో కడుతున్న ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపులో మన వాటాకు 2024లో 1,250 కోట్లు మంజూరైంది. తప్పేం లేదు, ఇంకా పెట్టాలి. ఆ డేటా ముందు కూర్చునేది ఎవరి పిల్లలు అన్నదే నాకు పట్టిన ప్రశ్న. మహానగరాల్లో ఐసర్‌లు, ఐఐటీల పక్కన పెరిగిన పిల్లలేనా?

డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. "బిల్లు పెట్టాం, ఇంకా పాస్ కాలేదు" అన్న మాట వినని స్కాలర్‌షిప్ విద్యార్థి మా దగ్గర లేడు. ఆర్నెల్లకోసారి మొత్తంగా పడే స్టైపెండ్ అప్పున్న ఇంటికి పనికొస్తుంది గానీ గది అద్దెకు పనికిరాదు. మొదటి ఏడాది సొమ్ము మొత్తం ముందే విశ్వవిద్యాలయం ఖాతాలో వేసి, ప్రతి నెలా 5వ తేదీకి పిల్లల ఖాతాలో పడేలా చూడండి. బాండు పెట్టకండి. మధ్యలో పీహెచ్‌డీ సీటు వస్తే సంతోషంగా పంపించండి, డీఎస్సీలో ఉద్యోగం వచ్చినా అంతే. మిగిలిన నెలల సొమ్ము వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇవ్వండి.

అడగడానికి మనిషి కావాలన్నాను. దానికి దారి ఇప్పటికే ఉంది. అయూకా 1988లో పుట్టిందే విశ్వవిద్యాలయాల కోసం, పేరులోనే అంతర విశ్వవిద్యాలయ కేంద్రం అని ఉంటుంది. కాలేజీల, యూనివర్సిటీల అధ్యాపకులను అసోసియేట్లుగా తీసుకుంటారు, వాళ్లు అప్పుడప్పుడూ పుణె వెళ్లి పని చేసుకోవచ్చు. యూనివర్సిటీల్లో ఇకార్డ్ పేరుతో చిన్న కేంద్రాలు కూడా పెట్టిస్తారు. మన మూడు జిల్లాల నుంచి ఒక్క ఇకార్డ్‌కి గట్టిగా దరఖాస్తు చేయండి. ప్రతి ఫెలోకీ ఇక్కడ ఒక అధ్యాపకుడు, అక్కడ ఒక శాస్త్రవేత్త ఉండాలి. వారానికోసారి వీడియో కాల్ చాలు. ఇక్కడి అధ్యాపకుడికి పని గంటల్లో కొంత తగ్గింపు ఇవ్వాలి. ఇది నాకోసం అడుగుతున్నానని కొందరు అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఎంపిక గురించి మాత్రం కాస్త పట్టుబడతాను. మార్కులతోనో ఇంకో ఆబ్జెక్టివ్ పరీక్షతోనో ఎంపిక చేస్తే, ఇప్పటికే అన్నిచోట్లా ఎంపికవుతున్నవాళ్లే ఇక్కడా వస్తారు. అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ వాళ్లే, పీహెచ్‌డీ ప్రవేశాలకు జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష మార్కులు తప్పనిసరి చేయొద్దని విభాగాలకు సూచించారు. అంతకుముందే 2004లో నాష్‌విల్‌లో ఫిస్క్, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి, అవకాశాలు తక్కువున్న వర్గాల పిల్లలు ఫిస్క్‌లో ఎంఎస్ చేసి వాండర్‌బిల్ట్‌లో పీహెచ్‌డీకి వెళ్లేలా వంతెన కార్యక్రమం మొదలుపెట్టాయి. మనమూ అలా చేయొచ్చు. దరఖాస్తు చేసిన అందరికీ ఒక చిన్న డేటా ఫైలు ఇచ్చి మూడు వారాలు గడువు పెట్టండి. ఎవరినైనా అడగొచ్చు, ఇంటర్నెట్ చూడొచ్చు, ఏఐని కూడా వాడొచ్చు. చివర్లో ఎదురుగా కూర్చోబెట్టి, తెలుగులోనే, "ఈ సంఖ్య ఎలా వచ్చింది? దీన్ని ఎంత నమ్మొచ్చు?" అని అడగండి. అరగంటలో మొత్తం తెలిసిపోతుంది. సీట్లలో సగం అమ్మాయిలకు, కనీసం రెండు సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ పిల్లలకు ఉండాలి.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద, ముద్రతో, నెలకు ఇంత అని రాసిన ప్రొసీడింగ్స్ కాగితానికి ఇంట్లో ఉండే విలువ మీకు తెలియంది కాదు. "ఇంకో ఏడాది చదువుకుంటాను" అంటే వినని నాన్న "యూనివర్సిటీలో ఫెలోషిప్ వచ్చింది" అంటే వింటాడు. నలుగురికీ చెప్పుకుంటాడు కూడా.

ఏడాది అయ్యాక వీళ్లందరూ శాస్త్రవేత్తలవుతారా? కారు. ముగ్గురు నలుగురు పీహెచ్‌డీకి వెళ్తే గొప్పే. మిగతావాళ్లు పైథాన్, స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్‌లో ఒక నివేదిక రాయడం నేర్చుకుని బయటికి వస్తారు. వాటికి ఉద్యోగాలున్నాయని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు డిగ్రీలో తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్పులు ఎన్ని జిరాక్స్ షాపుల్లో బైండింగ్ రిపోర్టులుగా పూర్తవుతున్నాయో మీకూ తెలుసు. ఫెలోలు ఉన్నచోట చివరి ఏడాది పిల్లలు కొందరు ఆ సెమిస్టర్ వాళ్ల దగ్గరే చేయొచ్చు. అదనపు ఖర్చు లేదు.

వర్షాకాలం, తేమ, సముద్రపు మబ్బులు, ఇక్కడ ఆకాశమే కనబడదు కదా అని ఒక పెద్దాయన అన్నారు. నిజమే. బెంగళూరు వాళ్లు లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న రెండు మీటర్ల టెలిస్కోపును తమ ఊరి పక్కనున్న హోసకోటెలో కూర్చుని నడుపుతున్నారు. మబ్బు ఎక్కడుందన్నది ఇప్పుడు అంత పెద్ద సంగతి కాదు. ఇంటర్నెట్ ఉందా లేదా అన్నదే సంగతి.

సమయం గురించి. గైయా డేటా నాలుగో విడత 2026 డిసెంబరులో విడుదల చేస్తామని ప్రకటించారు. ప్రపంచంలో ఎవరికైనా అదే రోజు, అదే గంటకు తెరుచుకుంటుంది. జెస్ట్, గేట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటాయి. కాబట్టి నోటిఫికేషన్ మే నెలలో ఇచ్చి, జూలై చివరికి ఎంపిక పూర్తిచేసి, ఆగస్టులో పిల్లల్ని చేర్చుకుంటే పరీక్షలకు ముందు వాళ్ల చేతిలో ఆరు నెలల పని ఉంటుంది. మొదటి ఏడాది 10 మందికి కుదరకపోతే నలుగురితో మొదలుపెట్టండి. నోటిఫికేషన్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెట్టి ఊరుకోకుండా ప్రతి డిగ్రీ కాలేజీ ఫిజిక్స్, మ్యాథ్స్ విభాగాలకు పోస్టులో పంపండి, మేం నోటీసు బోర్డులో అంటిస్తాం. దరఖాస్తు ఫారం తెలుగులో కూడా ఉండాలి, ఎందుకంటే దాని మీద రెండో సంతకం అమ్మానాన్నలది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్
శ్రీకాకుళం